మేఘపు నీడా? చెరువు నీరా?

శ్రావణమాసములో ఎండ కాయుచున్న పొలము మీదుగా ఒక నీడ పరుగెత్తుకొని వచ్చి, మనలను దాటి, అవతలి దిబ్బ మీదికి పోవుట అందరము చూచినదే. తల యెత్తి చూచినచో దానికి కారణమైన మబ్బు కనబడును. అది నీడ అని తెలిసికొనుటకు మనకు ఏ శాస్త్రమూ అక్కరలేదు. కాని సుమారు 705 కిలోమీటర్ల ఎత్తున తిరుగుచు భూమిని చిత్రించు ల్యాండ్‌శాట్ ఉపగ్రహపు చిత్రములో నీడ ఒక నల్లని మచ్చ మాత్రమే. చెరువూ నల్లని మచ్చయే. కాలిన చేను కూడ అంతే.

ఇది చిన్న చిక్కు కాదు. వానకాలములో ఏ చెరువు నిండినదో, వరద ఎంతవరకు వచ్చినదో లెక్కించువారు ఇట్టి చిత్రములనే చూచెదరు. నీడను నీరని ఎంచినచో లేని వరద పుట్టును. పచ్చని వరి మీద నీడ పడినచో పైరు చెడినట్లు తోచవచ్చును. మబ్బు లేని రోజునే చూడరాదా అందురేమో! ఒక్కొక్క ల్యాండ్‌శాట్ ఒకే చోటికి మరల వచ్చుటకు 16 దినములు పట్టును. ఆ దినమున కూడ ముసురు పట్టియుండవచ్చును.

మబ్బును గుర్తించుట కొంత సులభము. అది తెల్లగను, నేలకంటె చల్లగను ఉండును. నీడను పట్టుటకు మొదటి ఆధారము కాంతియే. నీడలో పూర్తి చీకటి ఉండదు. ఆకాశము నుండి చెదరిన వెలుగు అక్కడికి చేరును. ఆ వెలుగులో నీలిరంగు పాలు ఎక్కువ. కంటికి కనబడని సమీప పరారుణ కిరణముల పాలు మిక్కిలి తక్కువ. ఆకులు ఈ కిరణములను బాగుగా త్రిప్పికొట్టును గనుక, పరారుణ చిత్రములో పచ్చని పొలము మెరయుచుండగా దాని నడుమ నీడ గుంటవలె కనబడును. అయితే నీరు ఈ కిరణములను మ్రింగివేయును. కనుక చెరువు కూడ గుంటవలెనే కనబడును! కాంతి ఒక్కటే చాలదు.

రెండవ ఆధారము రేఖాగణితము. చిత్రము తీసిన నిమిషమున సూర్యుడు ఎచ్చట నున్నాడో ఖచ్చితముగా తెలియును. సూర్యుడు 45 డిగ్రీల ఎత్తున నున్నప్పుడు 2 కిలోమీటర్ల ఎత్తునగల మబ్బు నీడ 2 కిలోమీటర్ల దూరమున పడును. చిత్రములో ఒక్కొక్క గడి 30 మీటర్లు గనుక అది సుమారు 67 గళ్ళ దూరము. ల్యాండ్‌శాట్ వచ్చునది ఉదయము 10 గంటల ప్రాంతమున. కావున హైదరాబాదు మీద డిసెంబరులో నీడ వాయవ్యముగా పడును. జూనులో సూర్యుడు మనకు ఉత్తరముగా జరుగును గనుక పడమటినుండి కొంచెము దక్షిణమునకు ఒరుగును.

దిక్కు తెలిసినది, మబ్బు ఎత్తు తెలియవలెను. పైకి పోయినకొలది గాలి చల్లబడును. సగటున కిలోమీటరుకు 6.5 డిగ్రీలు. మబ్బు పైభాగపు వేడిమిని ఉపగ్రహము కొలుచును గనుక ఎత్తును అంచనా వేయవచ్చును. పలుచని మబ్బు మాత్రము మోసము చేయును. దాని గుండా నేల వేడిమి పైకి వచ్చుటచే అది ఉన్నదానికంటె తక్కువ ఎత్తున నున్నట్లు తోచును.

అందుచేత 2012లో బోస్టన్ విశ్వవిద్యాలయమునకు చెందిన జూ, వుడ్‌కాక్ అను పరిశోధకులు ప్రకటించిన ‘ఎఫ్‌మాస్క్’ పద్ధతి ఒక్క అంచనాతో తృప్తిపడదు. కంప్యూటరు మబ్బు ఆకారమును తీసికొని, ఎత్తును కొంచెము కొంచెముగా మార్చుచు, నీడ పడవలసిన దిక్కున జరుపుచు పోవును. పిల్లలు అట్టముక్కను గుంటలో అమర్చ యత్నించునట్లే! ఆకారము ఏ నల్లని మచ్చపై బాగుగా అమరునో అదియే నీడ. ఏ మబ్బుకును జతపడని మచ్చ చెరువు కావచ్చును.

కావచ్చును అనుటకు కారణమున్నది. మబ్బు చిత్రపు అంచుకు వెలుపల నుండి, నీడ మాత్రమే లోపల పడినచో జత దొరకదు. నీడ చెరువు మీదనే పడినచో నలుపులో నలుపు కలిసిపోవును. 2011లో శ్రీహరికోట నుండి ఎగిరిన మన రిసోర్స్‌శాట్-2 లోని కెమెరాలకు వేడిమిని కొలుచు శక్తి లేదు. అట్టి చిత్రములలో ఎత్తును ఆకారము జరిపి చూచియే ఊహింపవలెను. ఎటూ తేలని గడిని జాగ్రత్తపరులు నీరనరు, నేలయనరు. ఆనాటి లెక్కనుండి తీసివేసి, ఉపగ్రహము మరల వచ్చు దినమునకై వేచియుందురు.