గంటన్నర ఆటకు ఎన్ని మార్కులు?

నక్కపల్లిలో విశాఖ బస్సెక్కి, చేతిలో పట్టే స్విచ్ యంత్రంలో ‘వెణ్బా’ మొదలుపెట్టారనుకోండి. గాజువాక ట్రాఫిక్‌లో బస్సు ఇరుక్కునేసరికి కథ అయిపోతుంది. గంటన్నరకు అటూ ఇటూ, అంతే. 2023 జులై 31న టొరంటోలోని విసై గేమ్స్ అనే చిన్న సంస్థ విడుదల చేసిన ఈ వీడియో గేమ్‌లో తుపాకీ లేదు, పరుగు లేదు, ఓడిపోవడమూ లేదు. 1980ల చివర్లో కెనడా చేరిన ఒక తమిళ దంపతుల కథ ఇది. ఆవిడ పేరు వెణ్బా, ఆయన పావలన్. కొడుకు ఇంట్లో కవిన్, బయట కెవిన్. గుంటూరు నుంచో అనకాపల్లి నుంచో వెళ్లి అక్కడ పిల్లల్ని పెంచినవాళ్లకు ఈ పేరు మార్పు గురించి ఎవరూ వివరించనక్కర్లేదు.

ఆటగాడు చేసే పని వంట. వెణ్బాకు ఆమె తల్లి ఇచ్చిన వంటల పుస్తకం అక్కడక్కడ చిరిగి, అలుక్కుపోయింది. పోయిన ముక్క మనం ఊహించుకోవాలి. మొదటి పరీక్ష ఇడ్లీ. రేకుల్లో పిండి పోసి ఒకదాని మీద ఒకటి పేర్చాలి. గుంట మీద గుంట వచ్చేలా పేరిస్తే ఆవిరి సరిగా ఆడదు, ఒక్కో రేకును కాస్త తిప్పి పెట్టాలి. మన ఇళ్లలో నిద్రమత్తులోనే చేసే పని ఇది. ఇడ్లీ పాత్రను ఎన్నడూ ముట్టని విదేశీ ఆటగాడికి మాత్రం కొత్త చిక్కుముడి. పొరపాటైతే మళ్లీ పెట్టుకోవచ్చు, శిక్షేమీ ఉండదు. ఇంట్లో అమ్మ ఇంత ఓపిక చూపదు.

2024లో దీనికి బాఫ్టా తొలి ఆట అవార్డు, ఇండిపెండెంట్ గేమ్స్ ఫెస్టివల్ ప్రధాన బహుమతి వచ్చాయి. విమర్శకులూ ఎక్కువమంది మెచ్చుకున్నారు. అయినా రెండు ఫిర్యాదులు ఆగలేదు. ఒకటి: 15 డాలర్లకు గంటన్నరేనా? రెండు: వంటలు తక్కువ, కథ ఏళ్లకేళ్లు దూకేస్తుంది. ఈ రెండూ ఒకే నోట వస్తాయి కాబట్టి ఒకటేననిపిస్తాయి. కావు.

ముందు ఈ తీర్పులు ఎలా తయారవుతాయో చూడాలి. కంప్యూటర్ ఆటలు అమ్మే స్టీమ్ దుకాణంలో కొన్నవాళ్లు వేసేది ఒకటే ఓటు: బొటనవేలు పైకి, లేదా కిందికి. నూటికి 40 నుంచి 69 మంది పైకి చూపితే ఆ ఆటకు ‘మిశ్రమ స్పందన’ అని ముద్ర పడుతుంది. కాబట్టి అందరికీ ఓ మోస్తరుగా నచ్చిన ఆటకు నూటికి తొంభై రావచ్చు. సగంమందికి ప్రాణమై, మిగతా సగానికి చిరాకు తెప్పించిన ఆటకు ‘మిశ్రమం’ రావచ్చు. మెటాక్రిటిక్ దారి వేరు. అది విమర్శకుల మార్కుల సగటు తీస్తుంది, అలాంటి లెక్కలో ప్రేమా కోపమూ కలిసి నీళ్ల మజ్జిగవుతాయి. 2013 నాటి ‘గాన్ హోమ్’ను తలచుకోండి. ఖాళీ ఇల్లు, కొన్ని ఉత్తరాలు, రెండు మూడు గంటల ఆట, 20 డాలర్ల ధర. విమర్శకుల సగటు 80 దాటింది, ఆటగాళ్ల సగటు దానికి చాలా కింద ఆగింది.

ఆ తేడాకు ఒక కారణం వృత్తిలోనే ఉంది. విమర్శకుడికి ఆట చాలాసార్లు ఉచితంగా వస్తుంది. వారాంతానికి నలభై గంటల ఆటను ముగించి రాయాల్సినవాడికి గంటన్నరలో అయిపోయేది వరమే. జేబులోంచి తీసి కొన్నవాడి లెక్క అలా ఉండదు. పైగా స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటలకన్నా తక్కువ ఆడితే డబ్బు వాపసు అడగొచ్చు. 2015 నుంచి ఉన్న ఈ నియమం కొనేవాడికి మంచిదే. చిన్న ఆట చేసినవాడికి మాత్రం భోజనం ముగిశాక బిల్లు వెనక్కివ్వడం లాంటిది. ‘సమ్మర్ ఆఫ్ 58’ అనే పొట్టి భయానక ఆట చేసిన ఎమికా గేమ్స్, మెచ్చుకున్నవాళ్లు కూడా వాపసు తీసుకుంటున్నారంటూ 2021లో ఆటల తయారీకి విరామం ప్రకటించింది.

గంటకు ఇన్ని రూపాయలనే తూకం నాకు నచ్చదు. నక్కపల్లికి దగ్గర్లోని ఎస్.రాయవరంలో పుట్టిన గురజాడ 1910లో పత్రికలో అచ్చువేయించిన ‘దిద్దుబాటు’ కథ కొన్ని పేజీలే. ఆలస్యంగా ఇంటికొచ్చిన గోపాలరావుకు గది ఖాళీగా కనిపించిన ఆ కాసేపు కథకు సరిపోయింది. పేజీలు చాల్లేదని పత్రిక చందా వాపసు అడిగినవాళ్లెవరో తెలియదు. ఆటల్లో మాత్రం నిడివినే విలువగా చూసే అలవాటు పాతది, దాన్ని పెంచిందీ అట్టల మీద ‘వంద గంటల వినోదం’ అని అచ్చేసిన కంపెనీలే.

రెండో ఫిర్యాదును మాత్రం కొట్టేయలేం. కవిన్ బడి పిల్లాడిగా తల్లి వంటను పక్కకు నెడతాడు. మళ్లీ చూసేసరికి పెద్దవాడై, ఆ వంటల కోసమే వెతుక్కుంటాడు. మధ్యలో ఏం జరిగిందన్నదే అసలు కథ కావచ్చు, అదెక్కువగా మాటల్లోనే గడిచిపోతుంది, చేతికి పని దొరకదు. ఇడ్లీ రేకులు పేర్చేటప్పుడు ఉన్న శ్రద్ధ ఆ దూకుడులో లేదు. ఇది ధర తగ్గిస్తే తీరే లోటు కాదు. విడుదల రోజునే ఈ ఆట ఎక్స్‌బాక్స్ గేమ్ పాస్ నెల చందాలో చేరింది. దీనికంటూ విడిగా పైసా పెట్టక్కర్లేని అలాంటి చందాదారుకూ ఇదే వెలితి కనిపిస్తే, దాన్ని పిసినారితనమని తోసేయలేం.

పొట్టి ఆట కొనేముందు సమీక్షలు చదివేవారికి స్టీమ్ ఒక సౌకర్యం ఇస్తుంది: రాసినవాడు ఎంతసేపు ఆడాడో పక్కనే ఉంటుంది. కథ బాగోలేదని అరగంటకే తేల్చినవాడూ, చివరిదాకా ఆడి ఇంకాసేపు ఉండాల్సిందన్నవాడూ అక్కడ ఒకే బొటనవేలు కిందికి చూపిస్తారు. చదవాల్సింది రెండోవాణ్ణి.