టర్నర్ ఇంటిపేరు, మన ఇంటిపేర్లు

ఇంగ్లీషులో టర్నర్ అంటే కొయ్యను తరిమెన పట్టే పనివాడు. మధ్యయుగాల్లో వృత్తిని బట్టి వచ్చిన ఆ పిలుపు క్రమంగా ఇంటిపేరుగా స్థిరపడింది. తర్వాత ఆ పేరుగలవారు ఏయే రంగాలకు చేరారో గమనించడం మనకు అవసరం.

విలియం టర్నర్ 1551లో తన మూలికాగ్రంథం తొలిభాగాన్ని పండితభాష లాటిన్‌లో గాక ఇంగ్లీషులో ప్రచురించాడు. ఆంగ్ల వృక్షశాస్త్ర పితామహుడిగా ప్రసిద్ధుడయ్యాడు. హెర్బర్ట్ హాల్ టర్నర్ ఆక్స్‌ఫర్డ్‌లో ఖగోళశాస్త్రాచార్యుడు. నక్షత్రాల దూరాన్ని కొలిచే 'పార్సెక్'కు ఆ పేరు సూచించింది ఆయనే. అందరిలోకీ ప్రఖ్యాతుడు చిత్రకారుడు జె.ఎం.డబ్ల్యు. టర్నర్ (1775-1851). ఆయన తండ్రి లండన్‌లోని కోవెంట్ గార్డెన్‌లో క్షురకుడు. కొడుకు గీసిన బొమ్మలను ఆ తండ్రి తన దుకాణం కిటికీలోనే అమ్మకానికి పెట్టాడు. ఆ బాలుడు పద్నాలుగో ఏట రాయల్ అకాడమీలో విద్యార్థిగా చేరి, 1802లో పూర్తిస్థాయి సభ్యుడై, 1807లో అక్కడే ఆచార్యుడయ్యాడు. 2020లో వచ్చిన 20 పౌండ్ల నోటుపై ఉన్నది ఆయన ముఖమే.

బ్రిటన్ సమసమాజమని నేననడం లేదు. వర్గభేదాలకు ఆ దేశం పెట్టింది పేరు. అయినా ఇంటిపేరు సూచించే పనికీ, తండ్రి చేసిన పనికీ, కొడుకు ఎంచుకున్న పనికీ అక్కడ సంబంధం తెగిపోగలిగింది.

మన ఇంటిపేర్లలో అధికభాగం ఊళ్ల పేర్లు. ఒకే ఇంటిపేరు పలు కులాల్లో కనిపిస్తుంది. అందుకే ఇంటిపేరు విన్నాక 'ఏ ఊరు, ఎవరి తాలూకు' అని ఆరాలు మొదలవుతాయి. అప్పటికీ తేలకపోతే 'మీరేమిట్లు' అని సూటిగానే అడుగుతారు. విశ్వవిద్యాలయ ప్రాంగణంలోనూ నేను ఈ ప్రశ్నల వరుసను పలుమార్లు విన్నాను.

మన క్షురకవృత్తి కుటుంబాల్లో కళకు కొదవలేదు. ఎన్నో ఊళ్లలో పెళ్లిపందిట్లో, గుడిలో సన్నాయి, డోలు వారివే. కానీ ఆ కళను కూడా కులానికి అప్పగించిన ఊడిగంగానే ఊరు లెక్కగట్టింది. కులం విడగొట్టేది పనిని మాత్రమే కాదు, పనిచేసే మనుషులను అని అంబేడ్కర్ 1936లోనే 'కులనిర్మూలన'లో వివరించారు.

పేరు చివరి కులసూచికలను వదులుకోవడం మంచిదే, కానీ అంతటితో సరిపోదు. వృత్తి ఎంపికలో, విద్వత్తుకు దక్కే గౌరవంలో, అన్నిటికీ మించి పెళ్లి సంబంధాల్లో పుట్టుక ప్రమేయం పోవాలి. అప్పుడే మన ఇంటిపేర్లు వట్టి పేర్లుగా మిగులుతాయి.