వెలిగొండ కాలిబాటలు

నెల్లూరు సీమ యనగానే శ్రోతల మనస్సున మెదలునవి మూడు: సముద్రము, పెన్నా నది, చెరువుల క్రింది వరిచేలు. మైపాడు తీరమున నిలిచి అలలను చూచినవారు వేలమంది కలరు. ఆ అలలకు వీపు త్రిప్పి పడమటి దిక్కునకు నడచినవారు కొద్దిమంది మాత్రమే. అటు పోయినకొలది మాగాణి మెట్టగా మారును, మెట్ట చిట్టడవిగా మారును, చిట్టడవి చివర వెలిగొండలు గోడవలె నిలుచును. ఆ కొండల పాదమున గల పల్లెలనుండి బయలుదేరు కాలిబాటలను గూర్చి నేడు ముచ్చటింపదలచితిమి.

కాలిబాటకు ఇంజనీరు లేడు, శంకుస్థాపన లేదు. మేకలమంద మేతకు పోవు త్రోవ ఒకటి, కట్టెలకు పోవువారి త్రోవ ఒకటి, మ్రొక్కు తీర్చుకొనబోవువారి త్రోవ ఒకటి. ఏది యేదో నేలయే చెప్పును. మేకలబాట పొదపొదకు చీలి మరల కలియును. దానిని నమ్మినవాడు ఊరు చేరడు, మరియొక పొదను చేరును. నీటికి పోవు బాట పల్లమునకు దిగుచు, ప్రక్కబాటలను తనలో కలుపుకొనుచు వెడల్పగును. యాత్రికుల బాటలో మెట్లరాళ్ళు పాదముల ఒరిపిడికి నునుపుదేరియుండును. బాట వెడల్పగుచున్నచో ఊరో నీరో దగ్గరపడినదనియు, సన్నగిల్లుచున్నచో అడవి లోపలికి పోవుచున్నామనియు గ్రహింపవలెను. కొండపల్లెల పిల్లలకు ఇది ఎవరును నేర్పనక్కరలేదు. పట్టణవాసులమైన మేము మాత్రము రెండుమార్లు దారి తప్పిన పిమ్మట నేర్చుకొంటిమి.

మొదట పెంచలకోనను చూతము. రాపూరునకు చేరువనున్న గోనుపల్లి గ్రామము దాటినంతనే కొండలు రెండువైపులనుండి దగ్గరకు వచ్చును. ఆ కోనలో వెలసినవాడు పెనుశిల లక్ష్మీనరసింహస్వామి. పెనుశిల అనునది జనుల నోట పెంచల అయినది. ఈ జిల్లాలో పెంచలయ్య, పెంచలమ్మ అను పేర్లు వినబడని ఊరు అరుదు. హిరణ్యకశిపుని వధించి ఉగ్రుడై తిరుగుచున్న స్వామి ఇచ్చట చెంచులక్ష్మిని చూచి శాంతించెననియు, అది తెలిసి ఆదిలక్ష్మి అలిగి ఏటి ఆవలకు పోయెననియు స్థలపురాణము. నేడు బస్సు గుడివరకు పోవును. శనివారములందు జనము కిటకిటలాడును. అయినను గుడి వెనుక ఏటివెంబడి కొంతదూరము నడచినచో మోటారు చప్పుడు వినరాదు. ఈ చుట్టుపట్ల అడవిని 1997లో పెనుశిల నరసింహ వన్యప్రాణి అభయారణ్యముగా ప్రకటించిరి. దాని విస్తీర్ణము 1,000 చదరపు కిలోమీటర్లకు పైమాటయే.

రెండవది ఉదయగిరి. నెల్లూరునకు వాయవ్యమున దాదాపు 100 కిలోమీటర్ల దూరమున నున్న ఈ కొండ ఎత్తు 3,079 అడుగులు. కోటలో 13 కట్టడములుండెడివనియు, అందు 8 కొండపైన, 5 క్రింద నుండెడివనియు పాత గెజిటీరులు చెప్పుచున్నవి. గజపతుల చేతనున్న ఈ దుర్గమును శ్రీకృష్ణదేవరాయలు 1513లో ముట్టడించి, నెలల తరబడి పోరాడి, 1514లో వశపరచుకొనెను. ఆనాటి ముచ్చట నొకదానిని నూనిజ్ అను పోర్చుగీసు వర్తకుడు వ్రాసియుంచినాడు. కోటను చేరుటకు ఒకే ఒక దారి యుండెడిదట. దానిలో మనుష్యులు ఒకరి వెనుక ఒకరుగా మాత్రమే పోగలిగెడివారట. రాయలు బండలు పగులగొట్టించి ఆ ఇరుకుదారిని వెడల్పు చేయించి, మరికొన్ని క్రొత్త బాటలు వేయించి, కోటను సమీపించెనట. ఇచ్చటినుండి కొనిపోయిన బాలకృష్ణుని విగ్రహమునకే విజయనగరమున కృష్ణాలయము కట్టించెను. ఒక దుర్గమునకు ప్రాణము దాని బాట ఇరుకుగా నుండుటలోనే కలదని ఈ కథవలన తెలియుచున్నది.

ఆ మాట అడవికిని వర్తించును. ఎట్లనగా, ఈ కొండల పాదమున గల చిట్టడవిని మనము తరచుగా బీడు అందుము, పనికిరాని భూమి అందుము. కలివి, రేగు, బలుసు, తంగేడు పొదలు దూరదూరముగా నుండి, నడుమ ఎఱ్ఱని గులకరాతి నేల కనబడు ఆ ప్రదేశము కంటికి బీడుగానే తోచును. కాని అది ఒక అపురూపమైన పక్షికి ఇల్లు. దాని పేరు కలివికోడి.

పందొమ్మిదవ శతాబ్దమున నెల్లూరులో సివిల్ సర్జనుగా పనిచేసిన థామస్ జెర్డాన్ అను ఆంగ్లేయుడు ఈ ప్రాంతపు జంతువులను, పక్షులను గూర్చి యానాదుల నడిగి ఎంతయో తెలిసికొనెను. నెల్లూరు, కడప సీమల నడుమనున్న కొండనేలలలో అతడు గుర్తించిన ఈ పక్షి 1848లో శాస్త్రలోకమున కెక్కినది. రొమ్ముపై రెండు గోధుమరంగు పట్టెలు గల చిన్నపక్షి అది. పగలు పొదలమాటున అణగియుండి రాత్రివేళ తిరుగును. 1900 పిమ్మట అది ఎవరికిని కానరాలేదు. నశించినదనియే పండితులు తలచిరి. 1986 జనవరిలో కడప జిల్లా సిద్ధవటము చేరువ రెడ్డిపల్లె వద్ద మరల దొరకినది. రాత్రిపూట దీపపు వెలుగులో దానిని పట్టినవాడు పండితుడు కాడు, ఆ అడవిబాటలు తెలిసిన ఒక పల్లెవాసి.

తరువాత వచ్చిన పరిశోధకులు పక్షిని వెదకుటకు చేసిన ఉపాయము వినదగినది. పొదల నడుమ మెత్తని మట్టిని పట్టీలుగా పరచి, తెల్లవారిన పిదప దానిపై పడిన అడుగుజాడలను పరిశీలించిరి. వారికి తేలినదేమనగా, ఈ పక్షి దట్టమైన అడవిలో నుండదు, ఉత్తబయలున నుండదు. హెక్టారునకు 300 మొదలు 700 వరకు పెద్దపొదలున్న నేలలోనే ఎక్కువగా తిరుగును. మేకలు, గొఱ్ఱెలు అసలే రాకున్నచో పొదలు క్రమ్ముకొనును. అతిగా వచ్చినచో నేల బోసిపోవును. ఇక యంత్రములు వచ్చి పొదలను పెల్లగించి నిమ్మతోటలు వేసినను, కాలువలు త్రవ్వినను ఆ ఇల్లు సమూలముగా పోవును. కావున ఈ అడవికి పాదము శత్రువు కాదు. పాదము మితి మీరుటయే శత్రువు.

మితమును ఎరిగిన బ్రతుకునకు ఉదయగిరియే సాక్ష్యము. అచ్చట నర్ది, కల్ది, బిక్కి మొదలగు చెక్కలతో గరిటెలు, చెంచాలు చెక్కువారు తరతరములుగా ఉన్నారు. ఆ పనితనమునకు 2015లో భౌగోళిక గుర్తింపు లభించినది. కొండ ఎక్కుబాటలే వారికి చెక్క తెచ్చు బాటలు. మ్రానంతయు కూల్చినచో మరునాటికి గరిటె లేదని వారికి తెలియును.

నడువగోరువారికి కొన్ని మాటలు చెప్పవలసియున్నది. ఈ సీమకు అసలు వానలు అక్టోబరు మొదలు డిసెంబరు వరకు కురియును. అవి వెలసిన తరువాత, డిసెంబరు చివరనుండి ఫిబ్రవరి వరకు నడకకు అనువైన కాలము. ఏప్రిలు, మే మాసములలో ఆ బండలపై కాలు మోపుట సాహసము కాదు, అవివేకము. వెలిగొండలు ఎఱ్ఱచందనపు అడవులు. క్రొత్తవారిని అనుమానించుట సహజము గనుక, అటవీశాఖ వారి అనుమతి ముందుగా పొందవలెను. ఊరివాని నొకనిని తోడు తీసికొని, అతని దినకూలి అతనికి చెల్లింపవలెను. త్రాగునీరు మోసికొనిపోవలెను. ఎలుగుబంట్లు తిరుగు తావులు గనుక ప్రొద్దువాలక మునుపే దిగిరావలెను. బాట వంకరగా నున్నదని పొదలను నరికి అడ్డదారి చేయరాదు. ఆ వంకర వాలునుబట్టి ఏర్పడినది. దానిని సరిచేసినచో మరుసటి వానకు అది వాగై మట్టిని కోసికొనిపోవును.

మేము ఉదయగిరి దిగుచుండగా తోడు వచ్చిన ముదుసలి కాపరి ఒక గుండును చూపి దాని పేరు చెప్పినాడు. మరి నాలుగడుగులు నడచి మరియొక బండ పేరు చెప్పినాడు. నీటిచెలమకొక పేరు, మలుపునకొక పేరు. మీ మనుమలకు ఇవి తెలియునా అని అడిగితిమి. వారు పట్టణమున చదువుకొనుచున్నారని చెప్పి నవ్వినాడు. చదువుకొనుట మంచిదే. అయితే సెలవులకు వచ్చినపుడు ఒక్కదినము తాతవెంట ఆ బాటన నడచి, ఆ పేర్లు ఒక పుస్తకమున వ్రాసికొనినచో ఖర్చు ఏమియు లేదు. కొండపాదపు పల్లెలలో మా ప్రసంగము వినుచున్న పెద్దలు ఈ సంక్రాంతి సెలవులలోనే ఆ పని చేయింతురని ఆశించుచున్నాము.