తొక్కినా కదలని బండి: తప్పు పెడల్‌దేనా?

టమోటా క్రేట్లు నింపుకుని చీకటితోనే మదనపల్లె మార్కెట్టుకు బయలుదేరిన వ్యాను ఎత్తు రాగానే ఊపు కోల్పోతుంది. డ్రైవరు పెడల్‌ను అడుగంటా తొక్కుతాడు. ఇంజను ఆగిపోదు, అలాగని అందుకోదు. ఒకే మూలుగు మూలుగుతూ, నడిచే మనిషి వేగంతో పాకుతుంది. ఎదుట మీటర్ల మధ్య ఇంజను బొమ్మ ఉన్న పసుపు దీపం వెలుగుతుంది. ఆపి, తాళం తీసి, మళ్ళీ స్టార్టు చేస్తే కాస్త దూరం మామూలుగా పోయి మళ్ళీ అదే వరస. పాట అయిపోయాక చేరిన సరుకుకు ఏ ధర పలుకుతుందో రైతుకు వేరే చెప్పనక్కరలేదు.

ఇలాంటి బండిని షెడ్డులో పెడితే ముందు డీజిలు ఫిల్టరు మారుస్తారు. తర్వాత పంపు మీద, టర్బో గొట్టం మీద అనుమానం. చివరకు కంప్యూటర్ తగిలించి పెడల్ సెన్సర్ పోయిందని తేలుస్తారు. వేలు పోసి కొత్త పెడల్ బిగించిన కొద్దిరోజులకే ఆ పసుపు దీపం మళ్ళీ వెలిగితే బండి యజమాని తల పట్టుకోవలసిందే. నిజానికి ఇందులో చాలా ఖర్చు దండగ. పది నిమిషాల పరీక్షతో తప్పు పెడల్‌దో, వైర్లదో తేల్చవచ్చు.

పాత బండ్లలో పెడల్ నుంచి ఇంజను దాకా ఇనుప కేబుల్ ఉండేది. తెగితే కంటికి కనిపించేది. పొగ నిబంధనలు బిగిసేకొద్దీ ఆ కేబుల్ పోయి దాని చోటికి వైర్లు వచ్చాయి. 2017 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా భారత్ స్టేజ్ 4, 2020 ఏప్రిల్ 1 నుంచి భారత్ స్టేజ్ 6 అమలైన తర్వాత పల్లెల్లో తిరిగే చిన్న సరుకు బండ్లలోనూ ఈ పద్ధతి మామూలైంది. కాలు ఎంత నొక్కిందో పెడల్‌లోని సెన్సర్ కొలిచి కరెంటు రూపంలో ఇంజను కంప్యూటర్‌కు చెబుతుంది. డీజిలు ఎంత వదలాలో కంప్యూటర్ నిర్ణయిస్తుంది.

సెన్సర్ ఒక్కటే అయినా లోపల సాక్షులు ఇద్దరు. ఒకే సంగతిని రెండు వేర్వేరు వైర్ల మీద చెబుతారు. ఇద్దరి మాటకూ పొంతన కుదరకపోతే కంప్యూటర్ ఎవరినీ నమ్మదు. బండి తనంతట తాను దూసుకుపోతే ప్రాణాలకే ముప్పు గనుక, ఇంటికి చేరేటంత బలం మాత్రం వదిలి మిగతాది కట్టేస్తుంది. ఎత్తు మీద మూలిగేది అందుకే.

స్టీరింగు కింద ఉండే పదహారు పిన్నుల సాకెట్‌కు స్కానర్ తగిలిస్తే అంకెలు కనిపిస్తాయి. పి2138 అంటే ఇద్దరు సాక్షుల మాటా కలవలేదని. పి2122, పి2127 అయితే వోల్టేజి మరీ తక్కువ. పి2123, పి2128 అయితే మరీ ఎక్కువ. చిక్కంతా ఇక్కడే ఉంది. ఈ అంకెలు ఫిర్యాదు ఏ దారిలో వచ్చిందో చెబుతాయి గాని పెడల్ మార్చమని చెప్పవు. చాలామంది మాత్రం అలాగే చదువుకుంటున్నారు.

పరీక్షకు కావలసింది చిన్న మల్టీమీటరు. తాళం తీసేసి పెడల్ వద్ద కనెక్టర్ ఊడదీయాలి. సాధారణంగా ఆరు వైర్లుంటాయి. ఇంజను స్టార్టు చేయకుండా తాళం మాత్రం తిప్పి, బండి వైపున్న పిన్నుల్లో చూస్తే రెండింట్లో దాదాపు 5 వోల్టులు రావాలి. మరో రెండు ఎర్తు. 5 వోల్టులు రాకపోతే పెడల్‌ను తిట్టి లాభం లేదు. వైరు తెగి ఉండవచ్చు. కొన్ని బండ్లలో ఇదే 5 వోల్టులను మరో సెన్సర్ కూడా పంచుకుంటుంది. అది షార్టయినా పెడల్‌కు కరెంటు అందదు. బల్బు టెస్టరుతో మాత్రం ఇక్కడ గుచ్చరాదు. అది లాగే కరెంటుకు కంప్యూటరే దెబ్బతినవచ్చు, దాని ధర ముందు పెడల్ ధర ఏపాటి!

5 వోల్టులు సరిగా ఉంటే, తాళం తీసి కనెక్టర్ బిగించి, మళ్ళీ తాళం తిప్పి, మిగిలిన రెండు వైర్లను వెనుకవైపు నుంచి సన్నని పిన్నుతో అందుకుని కొలవాలి. చాలా బండ్లలో కాలు తీసినప్పుడు ఒకదానిలో ముప్పాతిక వోల్టు, రెండోదానిలో అందులో సగం ఉంటుంది. పెడల్‌ను మెల్లగా అడుగుదాకా నొక్కితే మొదటిది సుమారు 4 వోల్టులకు, రెండోది 2కు ఎక్కుతుంది. బండిని బట్టి అంకెలు మారవచ్చు, చూడవలసింది నడక. ఎక్కడా తడబడకుండా ఎక్కాలి, అలాగే దిగాలి. నడుమ ఒకచోట ముల్లు గాని అంకె గాని ధబాలున పడిపోతే అప్పుడు పెడల్ లోపలే అరిగిందని అనుకోవచ్చు. ఎర్తు వైరు తెగితే ఇదే మీటరు 5 దగ్గరకు ఎగబాకుతుంది. దాన్ని చూసి పెడల్ మార్చినవారూ ఉన్నారు.

అంకెలన్నీ సరిగా ఉన్నా దీపం వెలుగుతుంటే వైర్లను చేత్తో కదిపి చూడాలి. క్యాబిన్‌లోకి పైపు పెట్టి నీళ్ళు కొట్టి కడిగే అలవాటు మనవాళ్ళకు ఉంది. ఆ నీరు కనెక్టర్‌లో నిలిచి పిన్నులు పచ్చగా చిలుము పడతాయి. ధాన్యం మోసే బండ్లలో ఎలుకలు వైరు కొరుకుతాయి. వర్షం రోజునో, గతుకుల దారిలోనో మాత్రమే రోగం బయటపడుతుంటే ఈ రెంటినీ ముందు చూడాలి.

కాలు పెట్టకుండానే వెనుక బ్రేకు దీపాలు వెలుగుతున్నా కొన్ని బండ్లలో ఇంజను అందుకోదు. బ్రేకు తొక్కి ఉంచారనే కంప్యూటర్ అనుకుంటుంది. ఆ స్విచ్చి ధర పెడల్ ధరలో ఏ మూలకూ రాదు.

కొత్త పెడల్ వేశాక కొన్ని బండ్లకు దాని కొలతలను స్కానర్‌తో కంప్యూటర్‌కు నేర్పవలసి ఉంటుంది. ఆ పని అయిందో లేదో షెడ్డులోనే అడగాలి. విప్పిన పాత పెడల్‌ను వదలకుండా ఇంటికి తెచ్చుకోవాలి. కొత్తది వేసినా దీపం తిరిగి వెలిగితే, పాతదాన్నే మళ్ళీ తగిలించి వైర్ల వెంట వెతకవచ్చు.