లాప్‌టాప్‌కు బయటి గ్రాఫిక్స్ కార్డు: కొనే ముందు తెలుసుకోవలసిన సంగతులు

మన వసతి గృహంలో ఇంజనీరింగ్, డిగ్రీ చదివేవారి దగ్గర ఉన్నవి ఎక్కువగా సాధారణ లాప్‌టాప్‌లే. ప్రోగ్రాములు రాసుకోవడానికి, ప్రాజెక్టు రిపోర్టు టైపు చేసుకోవడానికి ఇవి చక్కగా పనికి వస్తాయి. కాని బ్లెండర్‌లో త్రీడీ బొమ్మ తయారు చేయాలన్నా, మెషిన్ లెర్నింగ్ ప్రాజెక్టు మొదలుపెట్టాలన్నా నత్తనడక నడుస్తాయి. అప్పుడు "బయట ఒక గ్రాఫిక్స్ కార్డు తగిలిస్తే సరి" అనే సలహా వినిపిస్తుంది. అది ఎంతవరకు నిజమో, ఎవరికి ఉపయోగమో మాకు తెలిసినంతలో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా గ్రాఫిక్స్ కార్డు చేసే పని చూద్దాం. 1920 × 1080 తెర మీద 20,73,600 చుక్కలు ఉంటాయి. బొమ్మ కదిలినప్పుడల్లా వాటి రంగులను మళ్ళీ లెక్కించాలి. కంప్యూటర్ ప్రాసెసర్ నేర్పరి అయిన మేస్త్రీ వంటిది. ఎంత కష్టమైన పనినైనా చేస్తుంది గాని, ఒకేసారి చేయగలిగేవి కొన్నే. గ్రాఫిక్స్ ప్రాసెసర్ మడిలో దిగిన నాట్ల కూలీల వంటిది. పని చిన్నదే, కాని వందలాది చేతులు ఒకేసారి కదులుతాయి. మెషిన్ లెర్నింగ్ లెక్కలు కూడా ఈ తరహావే కనుక ఆ కార్డు అక్కడా అక్కరకు వస్తుంది. మామూలు లాప్‌టాప్‌లలో ఈ భాగం ప్రాసెసర్‌లోనే చిన్నదిగా ఉండి, ర్యామ్‌నే పంచుకుంటుంది.

ఇక అసలు విషయం దారి. డెస్క్‌టాప్‌లో కార్డు పీసీఐ ఎక్స్‌ప్రెస్ అనే దారిలో 16 వరుసల మీద ప్రాసెసర్‌తో మాట్లాడుతుంది. మూడవ తరం పీసీఐ ఎక్స్‌ప్రెస్‌లో ఇది సెకనుకు సుమారు 16 గిగాబైట్లు. లాప్‌టాప్ నుంచి బయటకు వచ్చే దారిలో ఉండేవి సాధారణంగా 4 వరుసలే. చెరువు ఎంత పెద్దదైనా పొలానికి పారేది తూము పట్టినంత నీరే కదా!

ఈ తూము పెరుగుతూ వచ్చింది. 2007లో ఆసుస్ సంస్థ చూపిన ఎక్స్‌జీ స్టేషన్ ఎక్స్‌ప్రెస్‌కార్డ్ ద్వారా ఒక్క వరుసతోనే పనిచేసేది. 2011లో థండర్‌బోల్ట్ వచ్చింది. 2015లో ప్రకటించిన థండర్‌బోల్ట్ 3 వేగం సెకనుకు 40 గిగాబిట్లు. అందులో కార్డుకు దక్కేది 32 గిగాబిట్లకు, అంటే 4 గిగాబైట్లకు, మించదు. 2023లో ప్రకటించిన థండర్‌బోల్ట్ 5 వేగం 80 గిగాబిట్లు.

ఇక్కడే చాలామంది పొరబడే అవకాశం ఉంది. థండర్‌బోల్ట్ 3కు, మామూలు యూఎస్‌బీ-సీకి రంధ్రం ఆకారం ఒక్కటే. ఆకారం చూసి కొనరాదు. మన మోడల్ నంబరుతో కంపెనీ ఇచ్చిన వివరాల పట్టికలో థండర్‌బోల్ట్ 3, 4 లేదా 5 అని ఉన్నదేమో చూడాలి. యూఎస్‌బీ4 ఉన్న కొన్ని లాప్‌టాప్‌లు కూడా పనికి వస్తాయి. ఇవేవీ లేకపోతే లోపల ఎస్ఎస్‌డీ పెట్టే ఎం.2 స్లాటు నుంచి అడాప్టరుతో కేబులు బయటకు తీసేవారున్నారు. దానికి లాప్‌టాప్ విప్పాలి, వారంటీకి ఇబ్బంది రావచ్చు. యూఎస్‌బీ నుంచి హెచ్‌డీఎంఐ ఇచ్చే చిన్న కన్వర్టరు రెండవ తెరను చూపుతుందే గాని గ్రాఫిక్స్ కార్డు కాదు.

తగిలించే విధానం:

1. కార్డును పెట్టెలోని స్లాటులో సరిగా కూర్చోబెట్టి స్క్రూ బిగించాలి.

2. విద్యుత్తు విడిగా ఇవ్వాలి. స్లాటు ద్వారా అందేది 75 వాట్ల వరకే. ఆర్‌టీఎక్స్ 3060 వంటి కార్డుకే 170 వాట్లు కావాలి. అందుకే పెట్టెకు సొంత పవర్ సప్లై ఉండాలి.

3. థండర్‌బోల్ట్ కేబులుతో లాప్‌టాప్‌కు కలిపి, తెర మీద అనుమతి అడిగితే ఇవ్వాలి. ఎం.2 పద్ధతిలో అయితే లాప్‌టాప్ పూర్తిగా ఆపిన తరువాతే కలపాలి, తీయాలి.

4. కార్డు తయారీ సంస్థ డ్రైవరు ఎక్కించి, డివైస్ మేనేజర్‌లో కార్డు పేరు కనబడిందో లేదో చూడాలి.

5. వీలైతే మానిటరును కార్డుకే తగిలించాలి. లాప్‌టాప్ తెర మీదే చూస్తే తయారైన బొమ్మ అదే ఇరుకు దారిన వెనక్కి రావాలి, వేగం ఇంకా తగ్గుతుంది.

ఆటలలో సమాచారం అటూ ఇటూ నిరంతరం తిరుగుతుంది కనుక ఇరుకు దారి నష్టం బాగా తెలుస్తుంది. మెషిన్ లెర్నింగ్‌లో మోడల్ మొత్తం కార్డు మెమరీలో పట్టి, లెక్కలు అక్కడే సాగితే నష్టం తక్కువ. ప్రాసెసర్ పాతదై, ర్యామ్ చాలక లాప్‌టాప్ నెమ్మదిస్తే మాత్రం ఏ కార్డూ దానిని బాగుచేయలేదు.

ఖర్చు కూడా కార్డు ఒక్కదానితో పోదు. పెట్టె, పవర్ సప్లై, కేబులు, మానిటరు అన్నీ కలిపి లెక్క వేయాలి. ఆ మొత్తానికి సెకండ్ హ్యాండ్ డెస్క్‌టాప్ వస్తుందేమో విచారించాలి. నేర్చుకునే దశలో గూగుల్ కోల్యాబ్ పరిమితులతోనైనా ఉచితంగా గ్రాఫిక్స్ ప్రాసెసర్ వాడుకోనిస్తుంది. కాలేజీ ల్యాబు ఉండనే ఉంది.

మన ఇళ్ళ నుంచి వచ్చే ప్రతి వెయ్యి రూపాయల వెనుక అమ్మానాన్నల కూలి రోజులు ఎన్ని ఉన్నాయో మనకు తెలుసు. కనుక మిత్రులారా, కార్డు ధర అడగడానికి ముందు మీ లాప్‌టాప్ మోడల్ నంబరు కాగితం మీద రాసుకోండి. తూము చూసుకున్న తరువాతే చెరువు సంగతి!