పక్షవాతము: మందు వెల, మంచము వెల

మెదడునకు పోవు నాళములో నెత్తురు గడ్డకట్టుటవలన వచ్చు పక్షవాతమునకు, ఆ గడ్డను కరగించు మందు కలదని వైద్యుడు చెప్పగానే ఇంటివారు మొదట అడుగునది దాని వెల. అడుగుట తప్పు కాదు. ఆల్టిప్లేస్ అను నా మందు ప్రియమైనదే. అయినను లెక్కను ఆసుపత్రి గుమ్మముకడనే ముగింపరాదని మా మనవి.

అమెరికాలో 1995లో ప్రకటితమైన పరిశోధనయందు, మూడు గంటలలోపల ఈ మందు పొందినవారు వైకల్యము లేకయో స్వల్పముగనో కోలుకొను అవకాశము, పొందనివారికంటె నూటికి 30 వంతులైనను హెచ్చుగ నుండెను. దానినిబట్టి 1998లో ఖర్చు లెక్కించిరి. వేయిమంది రోగులకు ఆసుపత్రి వ్యయము 17 లక్షల డాలర్లు పెరిగినది. కోలుకొనుటకై యిచ్చు శిక్షణకు 14 లక్షలు, దీర్ఘకాల శుశ్రూషాలయములకు 48 లక్షలు తగ్గినవి.

ఆ డాలర్ల లెక్క మనకు యథాతథముగ వర్తింపదు. మన యిండ్లలో శుశ్రూషాలయ మేది? భార్యయో, కోడలో, కూతురో! ప్రక్క మార్చుట, గుడ్డలుతుకుట, అన్నము తినిపించుట, ఏండ్లతరబడి సాగు నీ చాకిరికి జీతము లేదు గనుక ఏ పద్దులోను చేరదు.

మందునకు అపాయమును కలదు. ఆ పరిశోధనయందే నూటికి ఆరుగురికి మెదడులో రక్తస్రావము కలిగెను. నాళము చిట్లి వచ్చిన పక్షవాతమునకైతే ఇది విషప్రాయము. కావుననే ముందుగ తలకు సి.టి. పరీక్ష చేయుదురు. నేడు సాధారణముగ గడువు నాలుగున్నర గంటలు. మూతి వంకరపోయినను, చేయి వ్రాలినను, మాట ముద్దయైనను పసరుమందులతో ప్రొద్దుపుచ్చక, ఆ యంత్రమున్న ఆసుపత్రికే చేర్పుడు. లక్షణములు తోచిన వేళను గుర్తుంచుకొనుడు. వైద్యుడు మొదట దానినే అడుగును.