మానిన పిమ్మటను మిగులు మందు

“మందు మాని పది దినములైనది. నిద్ర చెడలేదు, మాట తడబడలేదు. ఇక దానితో పని యేమి?” మనోవ్యాధినుండి కోలుకొనినవారి యిండ్లలో తరచుగ వినవచ్చు మాట యిది. వినుటకు సబబుగనే తోచును. కాని ఆ పది దినములును దేహము నిజముగ మందు లేకయే గడపినదా?

క్లోర్‌ప్రోమజైను సంగతి చూడుడు. 1950లో ఫ్రాన్సు దేశమున పాల్ షర్పాంటియే అను రసాయన శాస్త్రజ్ఞుడు దీనిని తయారుచేసెను. 1952లో పారిస్ నగరమందలి సాంత్ ఆన్ ఆసుపత్రి వైద్యులు డిలే, డెనికర్ మనోవ్యాధిగ్రస్తులకిచ్చి దీని గుణమును లోకమునకు చాటిరి. ఈ మందు నెత్తురులో చేరగానే నూటికి 90 పాళ్లకు మించి అందలి మాంసకృత్తులను అంటిపెట్టుకొనును. అంటుకొన్న భాగము పనిచేయదు. విడిగనున్న కొద్దిపాటి మందే మెదడునకు పోయి, అచ్చటి నాడీకణములపై డోపమైను వచ్చి చేరు తావులను ఆక్రమించి, వ్యాధిని అణచును. అది తరిగినకొలది అంటుకొన్నది కొంచెము కొంచెముగ విడివడి వచ్చుచుండును. పైగా ఇది కొవ్వులో కరగు పదార్థము. నూనె జాడీని ఎంత కడిగినను జిడ్డు వదలనట్లు, మెదడునుండియు, కొవ్వునుండియు ఇది త్వరగ వదలిపోదు.

దీనిని నీటిలో కరగు రూపమునకు మార్చి మూత్రముతో పంపివేయు పని కాలేయమునది. అందలి ఎంజైములు ఈ ఒక్క మందునుండి ఎన్నియో పదార్థములను పుట్టించును. వానిలో కొన్ని తామును మందువలెనే పనిచేయును. ఆ ఎంజైముల చురుకు పుట్టుకతోనే మనిషి మనిషికి వేరు. ఒకరికి చాలని మోతాదు మరియొకరిని పగలంతయు మగతలో ముంచుట అందుచేతనే. పొగాకు పొగయు కాలేయమును తొందరపెట్టును. క్లోజపీను అను మందు వాడువారు చుట్టగాని బీడీగాని మానినచో నెత్తురులో ఆ మందు హెచ్చును. మానుట మేలే, వైద్యునకు చెప్పి మానవలెను.

క్లోర్‌ప్రోమజైను మానిన వారములకు కూడ మూత్రమున దాని ఆనవాళ్లు కనబడుట గలదు. వ్యాధి తిరుగబెట్టుటయు పెక్కుమారులు మరునాడు గాక, వారములకో నెలలకో జరుగును. అప్పటికి మందు మానిన సంగతి యింటిల్లిపాదియు మరచియుందురు. నింద ఏ పెండ్లి అలసటపైననో, గ్రహచారముపైననో పడును.

లిథియము నడక వేరు. 1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ ఉద్రేకోన్మాదమునకు ఇది పనిచేయునని ప్రకటించెను. లవణరూపమున నిచ్చు ఈ ధాతువు మాంసకృత్తులను అంటదు. కాలేయము దీనిని మార్చదు. వెలుపలికి పోవుటకు మూత్రపిండములే దారి. దేహమున ఉప్పును నీరును తరిగినచో, అవి ఉప్పును నిలుపుకొనబోయి లిథియమును కూడ నిలుపును. కావున దీనిని వాడువారికి వేసవి విరేచనములును, ఉప్పు లేని పథ్యమును ప్రమాదకరములే. చేతులు మిక్కిలి వణకినను, నడక తూలినను, మాట ముద్దగట్టినను తరువాతి మాత్ర వేయక వెంటనే ఆసుపత్రికి పోవలెను. నెత్తురులో లిథియమెంత యున్నదో పరీక్షించి అచ్చట చెప్పగలరు.